తుపాకి నాదే

నేను ఒక తుపాకినే, కానీ అసలు తుపాకులు నన్ను తమ జాతిలో కలుపుకోవు. నాలో మందు ఉండదు, నిప్పు ఉండదు. కడుపులో ఒక ఉక్కు స్ప్రింగు, దాని ముందు ఒక పిస్టను, ఆ పిస్టను దూకినప్పుడు గొట్టంలోంచి తోసుకొచ్చే గాలి. నా బలమంతా అదే. నా గుండు సీసంతో చేసినది, బఠాణీ గింజ కన్నా చిన్నది. దుకాణాల వాళ్ళు నన్ను ఎయిర్ రైఫిల్ అంటారు, జనం ఎయిర్ గన్ అంటారు, తీర్థంలో బుడగలు కొట్టే తుపాకి కదా అని నవ్వేవాళ్ళూ ఉన్నారు. నవ్వితే నాకు బాధ లేదు. కాకపోతే, నన్ను ఆటవస్తువు అనుకున్న మనిషి చేతిలోనే నావల్ల కీడు జరిగింది. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

ఉత్తరాదిలో ఒక ఇరుకు సందులోని కార్ఖానాలో పుట్టాను. గొట్టం తొలిచినవాడు ఒకడు, కర్ర చెక్కి నూనె పట్టించినవాడు ఇంకొకడు. స్ప్రింగు ఎక్కించింది ఒక నడివయసు స్త్రీ. ఆమె పని పూర్తయ్యాక గొట్టంలోంచి వెలుతురు వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా నన్ను పక్కన పెట్టి, ఇంకోదాన్ని అందుకుంది. నన్ను కన్నవాళ్ళు నాకేసి చూసింది అంతమాత్రమే. అట్టపెట్టెలో పడుకుని, రైలెక్కి, కాకినాడ వచ్చాను.

కాకినాడలో జిలానీ గారి దుకాణం. చేపల గాలాలు, క్రికెట్ బ్యాట్లు, క్యారమ్ బోర్డులు, గోడకు వరసగా మేము. చాలాకాలం ఆ గోడ మీదే ఉండిపోయాను. కుర్రాళ్ళు గుంపులుగా వచ్చేవారు. నన్ను ఎత్తుకున్న ప్రతివాడూ ముందు అద్దంలో తనను చూసుకునేవాడు, తర్వాత ఫోటో తీయించుకునేవాడు, ఆ తర్వాత నన్ను కౌంటరు మీద పడేసి టీ తాగడానికి పోయేవాడు. తన భుజానికి నేను సరిపోతానా అని చూసినవాడు ఒక్కడూ లేడు. జిలానీ గారు మళ్ళీ గుడ్డతో తుడిచి కొక్కేనికి తగిలించేవాడు.

అలాంటి ఒక ఎండాకాలం మధ్యాహ్నం రూతమ్మ టీచరు వచ్చింది. నేత చీర, చేతిలో గొడుగు, ముడిలో ఎక్కడో తెల్లదారం ముక్క ఒకటి అంటుకుని ఉంది. రామచంద్రపురంలో ఆడపిల్లల బడిలో కుట్టు టీచరుగా చేసి రిటైరైన మనిషి.

"చెప్పండమ్మా" అన్నాడు జిలానీ గారు. "బాబుకా, మనవడికా?"

"నాకే."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "దేనికమ్మా?"

"పెరట్లో పందికొక్కులు. కంద దుంపలన్నీ తోడేస్తున్నాయి. కోడిపిల్లల్ని ఈడ్చుకుపోతున్నాయి. మందు పెడదామంటే కోళ్ళు తింటాయని భయం. బోను పెడితే దాని పక్కనుంచి కన్నం తవ్వుకుని వెళ్ళిపోతున్నాయి."

"పిల్లిని పెంచకపోయారా?"

"పెంచాను. పందికొక్కును చూసి అదే ఇల్లు వదిలి పోయింది."

జిలానీ గారు నవ్వలేదు. ఆయనలో నాకు నచ్చిన గుణం అది. ముందు ఒక పెద్ద నల్లటి రైఫిల్ తీసి ఆమె చేతికిచ్చాడు. గ్యాసుతో పనిచేసేది, పైన దుర్భిణి బిగించి ఉంది, కుర్రాళ్ళంతా దానికోసమే ఎగబడేవారు. ఆమె దాన్ని భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి, కాసేపు అలాగే నిలబడింది. గొట్టం చివర కొద్దికొద్దిగా వణకడం మొదలైంది.

"సూదిలో దారం ఎక్కించేంతసేపయినా కదలకుండా పట్టుకోగలగాలి కదండీ" అంది. "దీంతో నావల్ల కాదు."

తర్వాత ఒక పిస్తోలు ఇచ్చాడు. చిన్నదే అయినా మడిచి బిగించడానికి మరీ ఎక్కువ బలం కావాలి, గురి నిలవదు. అది కూడా వద్దంది. అప్పుడు నా వంతు వచ్చింది. ఆమె నన్ను భుజానికి ఆనించుకుని, చెంప నా కర్రకు చేర్చి, ఊపిరి సగం వదిలి ఆపింది. నాలో ఎక్కడా వణుకు లేదు. ఎన్నాళ్ళుగానో గోడకు వేలాడిన నాకు ఆ చెంప వెచ్చదనం కొత్తగా అనిపించింది.

"ఇది చాలండి" అంది.

గొట్టాన్ని మధ్యకు ఎలా విరిచి స్ప్రింగు బిగించాలో, గుండు ఏ వైపు పెట్టాలో జిలానీ గారు చూపించాడు. ఈ పరిమాణం దానికి లైసెన్సు అక్కర్లేదని చెప్పి ఆధార్ నకలు తీసుకున్నాడు. "వెనకాల ఇసక బస్తా పెట్టి పేల్చండమ్మా. రాతిగోడకు పేలిస్తే గుండు తిరిగొచ్చి మీకే తగులుతుంది. ఎలకలు, పందికొక్కులు, అంతవరకే. పిట్టల జోలికి, కోతుల జోలికి పోతే కేసవుతుంది. ఇంకొకటి, ఎవరైనా గొడుగు అడిగితే ఇవ్వండి, దీన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకండి."

ఆమె నన్ను పాత దుప్పట్లో చుట్టి బస్సెక్కింది. పక్కసీటు ఆవిడ కర్టెన్ రాడ్డా అని అడిగితే ఔననీ కాదనీ అనకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

రూతమ్మది చిన్న పెంకుటిల్లు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ ఉన్నారు, తల్లి పోయాక ఒక్కతే. ఇంటి వెనక పెరట్లో కంద, అరటి, కోళ్ళ గూడు. పెరటి గోడకు ఆనుకుని పక్కింటి మునగచెట్టు ఉంది, దాని కొమ్మలు సగం ఇటే ఉంటాయి. వెనక వసారాలో మేకు కొట్టి నన్ను తగిలించింది. అక్కడినుంచి నాకు పెరడంతా కనిపించేది, పక్కింటి మాటలు కూడా వినిపించేవి. సాయంత్రం వీధి తలుపు వేశాక ఆమె గొంతు మళ్ళీ పొద్దున కోళ్ళను పిలిచేటప్పుడే వినేవాణ్ణి. మధ్యలో గిన్నెల చప్పుడు, కుట్టు మిషను చప్పుడు. దుకాణం గోడ మీదున్నప్పుడు నేనొక్కణ్ణే ఒంటరినని అనుకునేవాణ్ణి.

మర్నాటినుంచి సాధన మొదలైంది. ఇసక నింపిన బస్తా, దాని ముందు డబ్బా మూత. మొదటి గుండు ఎటు పోయిందో నాకూ తెలియలేదు, ఆమెకూ తెలియలేదు. రెండో రోజు గోడ అవతలినుంచి ఒక తల లేచింది.

"ఏటండి టీచరుగారూ, పెరట్లో ఆ చప్పుడు?"

ఆయన సూర్యచంద్రరావు. వీధిలో అందరికీ చంద్రరావు గారు. ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు. ఇన్నేళ్ళుగా ఆ ఇద్దరి మధ్యా నడిచిన మాటలు మునగకాయలు ఎవరు కోసుకోవాలన్నంత వరకే.

"తుపాకి కొన్నానండి. పందికొక్కులకి" అంది రూతమ్మ.

ఆయన నాకేసి, ఆమెకేసి మార్చి మార్చి చూశాడు. "నా సర్వీసంతా బస్సు తోలానండి. ఎక్కే మనిషి వాలకం చూసి దిగేదెక్కడో చెప్పేసేవోణ్ణి. మీరు తుపాకి కొంటారని మాత్రం ఎప్పుడూ అనుకోలేదండి."

ఆమె నవ్వింది. ఆ ఇంటికి వచ్చాక ఆమె నవ్వు వినడం నాకు అదే మొదటిసారి.

ఆ రోజునుంచి సాయంత్రం ఎండ తగ్గగానే చంద్రరావు గారు తన వైపు ఏదో ఎత్తుపీట వేసుకుని గోడ మీద చేతులు ఆనించి నిలబడేవాడు. "కొంచెం కిందకెళ్ళిందండి", "ఈసారి ఎడంపక్కకండి" అంటూ ఉండేవాడు. ఆయనకు గురి గురించి ఏమీ తెలియదు. ఆమెకు అది తెలుసు, అయినా ప్రతి గుండుకూ ఆయన ఏమంటాడా అని ఆగి చూసేది. మాటలు మూత దగ్గర మొదలై ఎక్కడెక్కడికో పోయేవి. ఆయన నడిపిన రూట్లు, ఆమె చెప్పిన కుట్టు పాఠాలు, వర్షం, చేపల రుచి. చీకటి పడబోతుంటే "వస్తానండి, మా ఆవిడకి మందెయ్యాలి" అని దిగేవాడు. ఆమె వెంటనే లోపలికి వచ్చేది కాదు. గుళ్ళ డబ్బా చేతిలో పట్టుకుని గోడ వైపు చూస్తూ కాసేపు కూర్చునేది.

ఆయన భార్య తాయారమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. వీధివైపు కిటికీ పక్కన మంచం. ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక రూతమ్మ వెళ్ళి ఆవిడ తలకు నూనె రాసి, దువ్వి, జడ వేసి వచ్చేది. అది నేను రాకముందునుంచీ ఉన్న అలవాటట.

నెల తిరిగేసరికి ఆమె గురి కుదిరింది. ఒక వేకువన, ఇంకా చీకటి పూర్తిగా వీడకముందు, కంద మడిలో మట్టి కదిలింది. ఆమె వసారా మెట్టు మీద కూర్చుని నన్ను మోకాలికి ఆనించి ఎదురుచూసింది. పందికొక్కు తల బయటపెట్టింది. ఆమె ఊపిరి ఆపింది. నొక్కింది. అది అక్కడికక్కడే ఒరిగిపోయింది. ఆమె నన్ను గోడకు ఆనించి, గునపం తెచ్చి, అరటి మొదట్లో దాన్ని పాతిపెట్టింది. చేతులు చాలాసేపు కడుక్కుంది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. సాయంత్రం చంద్రరావు గారు అడిగితే, "కొట్టానండి. కొట్టాలి కాబట్టి కొట్టాను. కానీ బాగాలేదు" అంది.

"అలాగే ఉంటుందండి" అన్నాడాయన. మరేమీ అనకపోవడం ఆయన చేసిన మంచిపని.

అలా మరికొన్ని పోయాక మిగిలినవి ఆ పెరటి దారి మానేశాయి. కోడిపిల్లలు పెద్దవయ్యాయి. ఈ సంగతి వీధిలో పాకింది. ఇన్నాళ్ళూ పండగకు కూడా పలకరించని వాళ్ళు గేటు తీసుకుని రావడం మొదలుపెట్టారు. ఒకాయనకు ఇంటి మీద కోతులు. ఒకావిడకు బాల్కనీలో పావురాలు. ఇంకొకాయన తన మావిడిచెట్టుకి రాళ్ళు వేసే పిల్లల్ని "ఊరికే బెదిరించండి చాలు" అన్నాడు. ఆమె అందరికీ మంచినీళ్ళిచ్చి, కుదరదని చెప్పి పంపేసింది. తుపాకి ఉన్నవాళ్ళ దగ్గర మనుషులకు ఎన్ని కోరికలు పుడతాయో నాకప్పుడు తెలిసింది.

వీధికి అవతల పూర్ణ టిఫిను బండి. పూర్ణ చిన్నప్పుడు రూతమ్మ దగ్గర కుట్టు నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. పొద్దున్నే తాయారమ్మకు మెత్తటి ఇడ్లీ తెచ్చి తినిపించి వెళ్ళేది. ఆమెకో కుక్క ఉంది, పేరు బుడ్డోడు. పూర్ణదే అయినా వీధంతా వాడికి ముద్ద వేసేది. బండి దగ్గర ఎండగా ఉంటే వాడు వచ్చి తాయారమ్మ కిటికీ కింద నీడలో పడుకునేవాడు. పడుకుని ఊరుకుంటే బాగుండేది. వచ్చే సైకిలుకీ, పోయే చేపలబుట్టకీ లేచి మొరిగేవాడు. మొరిగినప్పుడల్లా తాయారమ్మ ఉలిక్కిపడి కంగారుగా శబ్దాలు చేసేది. చంద్రరావు గారు బయటికి వచ్చి అదిలించేవాడు. మళ్ళీ కాసేపటికి అదే. ఇదంతా గోడ మీదుగా నాకు రోజూ వినిపించేది.

ఒక మధ్యాహ్నం ఆయన వేళకాని వేళలో గోడ దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"టీచరుగారూ, వంటింట్లో ఎలకండి. ఒక్క పూట ఆ తుపాకి ఇవ్వరా? సాయంత్రం ఇచ్చేత్తాను."

ఆమె నన్ను మేకు మీదనుంచి తీసింది. ఒక క్షణం ఆగింది. జిలానీ గారి మాట గుర్తొచ్చి ఉంటుంది. కానీ అడుగుతున్నది ఆయన. గోడ మీదుగా నన్నూ, ఒక గుండునూ అందించింది.

చంద్రరావు గారు వంటింట్లోకి వెళ్ళలేదు. నన్ను తాయారమ్మ మంచం దగ్గరికి తీసుకెళ్ళాడు. స్టీరింగుకు అలవాటు పడ్డ చేతులు ఆయనవి. నన్ను గట్టిగా పట్టుకున్నాడు, గట్టిగా పట్టుకోవడమే గురి అనుకున్నాడు. కిటికీ ఊచల మధ్యనుంచి నా గొట్టం బయటపెట్టాడు. కింద బుడ్డోడు పక్కకు ఒరిగి నిద్రపోతున్నాడు.

"తాయారూ, ఊరికే చురుక్కుమంటుందంతే" అన్నాడు నెమ్మదిగా. "ఇంక ఈ ఛాయలకి రాడు. నువ్వు కాసేపు పడుకుందువుగాని."

తాయారమ్మ "ఊఁ, ఊఁ" అంది. ఎడమచెయ్యి ఎత్తింది. ఆయన దాన్ని సరే అనుకున్నాడు. ఆ చెయ్యి ఆయన భుజం కోసం చాచి ఉంది, అందలేదు. ఆయన వెనక్కి తిరిగి చూసి ఉంటే తెలిసేది.

నేను పేలాను. బుడ్డోడు ఒక్క కేక పెట్టి, లేచి, తూలుతూ బండి వైపు పరుగెత్తాడు. చంద్రరావు గారు కిటికీలోంచి చూశాడు. రక్తం కనిపించలేదు. "చూశావా, పోయాడు" అన్నాడు. సాయంత్రం నన్ను తువ్వాలుతో తుడిచి గోడ మీదుగా తిరిగిచ్చాడు.

"దొరికిందాండీ ఎలక?" అని అడిగింది రూతమ్మ.

"లేదండి. తప్పిపోయింది."

మర్నాడంతా బుడ్డోడు తిండి ముట్టలేదట. పూర్ణ రిక్షాలో వేసుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ తర్వాతి రోజు సాయంత్రం, రూతమ్మ మూతకు గురిపెడుతూ, చంద్రరావు గారు గోడ మీద చేతులు ఆనించి ఉండగా, పూర్ణ పెరట్లోకి వచ్చింది. గుప్పిట విప్పింది. అందులో నా గుండు, ఒకవైపు నలిగి ఉంది.

"టీచరుగారండీ, ఇది మీ దాంట్లోదేనా?"

రూతమ్మ దాన్ని అరచేతిలోకి తీసుకుని, తిప్పి చూసింది. "అవును. ఇలాంటివే."

"మా బుడ్డోడి పక్కటెముకల్లోంచి తీశారండి డాక్టరుగారు. పొద్దున పోయాడు."

రూతమ్మ తల ఎత్తి గోడ వైపు చూసింది. తొందరపడకుండా, బడిలో పిల్ల తనంతట తాను లేచి నిలబడుతుందేమోనని చూసినట్టు చూసింది. చంద్రరావు గారు మునగచెట్టు కేసి చూస్తున్నాడు.

"ఈ చుట్టుపక్కల ఇలాంటిది ఇంకెవరి దగ్గరా లేదండి" అంది పూర్ణ. "మీరు కొట్టారంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. కాదని ఒక్క మాటనండి, వెళ్ళిపోతాను."

"తుపాకి నాదే, పూర్ణా."

"అది తెలుసండి. కొట్టిందెవరని అడుగుతున్నాను."

"తుపాకి నాదే అంటున్నాను కదమ్మా."

"క్లాసులో సూది కింద పడితే, అది దొరికేదాకా మమ్మల్ని ఇళ్ళకి పంపేవారు కాదు. ఎవరి కాల్లోనైనా దిగుతుందని. మీరే దీపం పట్టుకుని నేలంతా వెతికేవారు. ఆ మనిషి మీరేనా అని చూత్తన్నాను." పూర్ణ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. గుండు మాత్రం రూతమ్మ అరచేతిలోనే ఉండిపోయింది.

"టీచరుగారూ" అన్నాడు చంద్రరావు గారు.

"తాయారమ్మగారికి మందేసే వేళయిందండి" అందామె. ఆయన దిగి వెళ్ళిపోయాడు.

ఆయన రేపు చెబుతాడని ఆమె అనుకుంది. లేకపోతే మర్నాడు సాయంత్రం కుర్చీ తెచ్చి గోడ పక్కన ఎందుకు వేసుకుంటుంది? గోడ మీదకు చేతులు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అవతల ఎత్తుపీట జరిగిన చప్పుడు కూడా లేదు. ఆమె వానజల్లు పడితే కుర్చీ లోపలికి జరుపుకునేది, ఆగితే మళ్ళీ బయట వేసుకునేది.

ఊరు మాత్రం ఆగలేదు. జాకెట్లు కుట్టడం నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలు మానేశారు. గుడ్లు కొనేవాళ్ళు మానేశారు. ఎవరో గేటు మీద బొగ్గుతో తుపాకి బొమ్మ, పక్కన కాళ్ళు పైకెత్తిన కుక్క బొమ్మ గీశారు. ఆమె పీచు పెట్టి తోమి వచ్చి, చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. చర్చి పాస్టరు గారు వసారాలో కూర్చుని మెల్లగా అడిగితే ఆయనకూ అదే జవాబు: తుపాకి నాదేనండి. కోతుల్ని కొట్టమని అడిగినాయన కూడా వీధిలో ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడట. ఆ మాట ఆమె కోళ్ళతో చెబుతుంటే విన్నాను.

నన్ను మేకు మీదనుంచి తీయడం మానేసింది. నా గొట్టం చివర సాలీడు గూడు పెట్టింది. పందికొక్కులు మళ్ళీ వచ్చాయి. కంద మడి గుల్ల చేస్తుంటే ఆమె మెట్టు మీద కూర్చుని చూస్తూ ఉండేది.

ఆదివారాలు మాత్రం తాయారమ్మ దగ్గరికి వెళ్ళడం ఆపలేదు. ఆమె వీధి తలుపు దాటగానే, అటువైపు చంద్రరావు గారు సంచీ తీసుకుని దొడ్డిదారిన బయటికి పోయేవాడు. ఆ తలుపు కిర్రుమనే చప్పుడు నాకు వినిపించేది. తర్వాత రూతమ్మ గొంతు: "అనండి, నీ... ళ్ళు. నీళ్ళు." ఎన్నో వారాలు అవతలినుంచి ఊఁ ఊఁ తప్ప మరేమీ రాలేదు. ఒక వారం "నీ" అని వినిపించింది. రూతమ్మ ఇంటికి వచ్చి, ఎవరికైనా చెప్పుకోవాలన్నట్టు వసారాలో అటూ ఇటూ తిరిగి, చివరికి మిషను ముందు కూర్చుంది.

వానాకాలం చివర్లో ఒక పొద్దున పూర్ణ తడిసిన గొడుగుతో వెనక వసారాలోకి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఆవిడ చెప్పారండి."

"ఎవరు?"

"తాయారమ్మగారు. ఇడ్లీ పెడతంటే నా చెయ్యి పట్టేసుకున్నారు. బుడ్డోడు అన్నారు. తర్వాత ఏదో అనడానికి శానాసేపు కట్టపడ్డారు. ఈయన, అన్నారు. కిటికీ చూపించి ఏడ్చారు." పూర్ణ కళ్ళు తుడుచుకుంది. "మీరెందుకు చెప్పలేదండీ?"

రూతమ్మ చేతిలో గుడ్డ ముక్క ఉంది. దాని అంచు మడుస్తూ, విప్పుతూ కూర్చుంది.

"చెబితే ఆయన మళ్ళీ ఆ గోడ దగ్గరికి రారనుకున్నాను" అంది. గుడ్డ పక్కన పెట్టింది. "చెప్పకపోయినా రాలేదు."

పూర్ణ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. "ఆయన్ని ఏం చెయ్యమంటారండీ?" అంది.

"నన్నడక్కు. కుక్క నీది."

పూర్ణ ఏమీ చేయాల్సిన పని లేకపోయింది. ఆ మధ్యాహ్నమే చంద్రరావు గారు వచ్చాడు. గోడ మీదుగా కాదు, వీధి గేటు తీసుకుని, ఇంటి పక్కనుంచి నడిచి పెరట్లోకి వచ్చాడు. ఆయన్ని పూర్తిగా, తలనుంచి కాళ్ళదాకా నేను చూడటం చాలా నెలల తర్వాత అదే. బాగా చిక్కిపోయాడు.

"పూర్ణ బండి దగ్గర అందరి ముందూ చెప్పేసి వత్తన్నానండి" అన్నాడు. "చంపుదామని కాదండి. దడిపిద్దామనుకున్నాను."

"తెలుసండి."

"ఆ రోజే చెప్పాల్సింది. నోరు రాలేదండి. నోరు లేని మనిషి చెప్పింది, నాకుండీ..." ఆపేశాడు.

"నేను ఎదురుచూశానండి" అంది రూతమ్మ. "రోజూ అక్కడ కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని."

"చూసేవోణ్ణండి. వంటింటి కిటికీలోంచి."

ఆ మాట విన్నాక ఆమె లేచి, నెమ్మదిగా లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకోలేదు, తిరిగి బయటికీ రాలేదు. ఆయన కంద మడి దగ్గర చాలాసేపు నిలబడి, గేటు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత వీధంతా మళ్ళీ వచ్చింది. ఆడపిల్లలు వచ్చారు, గుడ్లు కొనేవాళ్ళు వచ్చారు. మావిడిచెట్టు ఆయన "మాకు ముందే అనుమానమండి" అన్నాడు. ఆమె అందరికీ మంచినీళ్ళిచ్చింది, ఎవరినీ కూర్చోమనలేదు. పూర్ణ రోజూ ఏదో ఒకటి గిన్నెలో తెచ్చి ఇచ్చి వెళ్ళేది. సాయంత్రాలు మాత్రం రూతమ్మ కుర్చీ వీధి వసారాలో వేసుకోవడం మొదలుపెట్టింది. నేను వెనక వసారాలో ఉన్నాను కాబట్టి ఆమె నాకు కనిపించేది కాదు. గోడ అవతల ఎత్తుపీట జరిగిన చప్పుడు ఒకటి రెండుసార్లు వినిపించింది. చూడటానికి ఇటు ఎవరూ లేరు.

ఒకరోజు పాత ఇనుము కొనే కోటేశు బండి గేటు ముందు ఆగింది. ఆమె నన్ను మేకు మీదనుంచి తీసి, సాలెగూడు చీర చెంగుతో తుడిచి, బయటికి తీసుకెళ్ళింది.

కోటేశు నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "పని చేత్తాదాండీ?"

"చేస్తుంది. అందుకే ఇస్తున్నాను. ఇక్కడే, నా ముందే విరగ్గొట్టు."

అతను ముందు కర్ర ఊడదీశాడు. తర్వాత నా గొట్టాన్ని రాయి మీద ఆనించి సుత్తి ఎత్తాడు. నేను ఆమె మొహం చూస్తూ ఉన్నాను. మొదటి దెబ్బకి ఆమె కళ్ళు మూసుకుంది, రెండో దెబ్బకి తెరిచే ఉంచింది. గొట్టం వంగిపోయాక వంగి చూసి, ఇంక ఎవరికీ పనికిరాదని రూఢి చేసుకుంది. కోటేశు ఇవ్వబోయిన డబ్బు తీసుకోకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను ఊరి చివర కోటేశు వాళ్ళ కొట్టులో ఉన్నాను. ఫ్యాను రెక్కలు, కిటికీ ఊచలు, చిల్లుపడిన బిందెలు, వాటి మధ్య నేను. నా కర్ర పొయ్యిలోకి పోయింది. వాన పడిన రోజుల్లో తుప్పు కొంచెం ఎక్కువవుతుంది. ఇక్కడ నన్నెవరూ ఎత్తి దేనివైపూ గురిపెట్టరు. అది నాకు హాయిగానే ఉంది, కానీ నన్ను భుజానికి ఆనించుకుని ఊపిరి ఆపిన ఆ ఒక్క మనిషి గురించి ఏమైనా వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గి ఉంటాను. మొన్న వినిపించింది. కోటేశు, అతని భార్య ఇనుమూ ఇత్తడీ వేరుచేస్తున్నారు.

"ఆ టీచరమ్మగారి పక్కింటావిడ పోయారంట" అన్నాడు కోటేశు. "టీచరమ్మగారే తల దువ్వి, జడేసి, పువ్వులు పెట్టి పంపారంట."

"పాపం. ఆయన ఒక్కడే అయిపోయాడా?"

"ఆయన రోజూ సాయంత్రం ఆ పెరటి గోడ కాడ నిలబడతన్నాడంట. ఈవిడ ఒక్కోరోజు వత్తారంట, ఒక్కోరోజు రారంట."

"వచ్చినప్పుడు ఏం మాట్లాడుకుంటారు?"

"మాటలేం లేవంట. పూర్ణమ్మ చెప్పింది. ఆయన ఆ పక్క, ఈవిడ ఈ పక్క, చీకటడేదాకా ఉండి ఎవరింట్లోకి వాళ్ళు పోతారంట."

అతని భార్య వంగిన నా గొట్టాన్ని చేత్తో ఎత్తి బరువు చూసి, ఇనుము కుప్ప మీదకి విసిరి, బియ్యం కడగడానికి లేచింది.